ఉప్పలపాడు కొంగలు, ఉండవల్లి గుహలు: మన ఫోటోలు ఎక్కడ పెడితే మేలు?

గుంటూరు పక్కనే ఉన్న ఉప్పలపాడు చెరువులో సర్కారు తుమ్మ చెట్లను కమ్మేసి కూర్చునే గూడబాతులను, ఎర్రకాళ్ల కొంగలను ఫోటో తీయని కెమెరాదారుడు గుంటూరు, విజయవాడల్లో దాదాపు ఉండడు. కాస్త ఓపిక ఉన్నవారు కొల్లేటి ఒడ్డున ఆటపాకకు, ఇంకొంచెం తీరిక ఉన్నవారు హంసలదీవికి, కొండవీటికి వెళ్లివస్తారు. ఇలా తీసిన ఫోటోలలో చాలా భాగం ఆ సాయంత్రమే వాట్సాప్ గ్రూపుల్లోకి, మర్నాడు ఇన్‌స్టాగ్రామ్‌లోకి చేరతాయి. ఆ తరువాత వాటి సంగతి ఎవరికీ పట్టదు. ఫోటోలను అమ్ముకునే ఉద్దేశం గాని, పోటీలకు పంపే పట్టుదల గాని లేని మామూలు ఔత్సాహికుడికి ఏ వేదిక మేలన్నదే ఇక్కడి ప్రశ్న. నా మాట ముందే చెబుతాను: ప్రాణుల ఫోటోలకు, కనిపించిన జీవుల వివరాలు నమోదు చేసే ఐనాచురలిస్ట్ గాని, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ గాని, కట్టడాల ఫోటోలకు వికీపీడియా వాడుకునే ఫోటోల నిధి వికీమీడియా కామన్స్ మేలు. మిగిలినవి ముచ్చట తీర్చుకోవడానికి పనికివస్తాయి.

వాట్సాప్‌ను తీసిపారేయలేం. ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఫోటో చూసేది అక్కడే, మెచ్చుకునేదీ అక్కడే. అయితే మామూలుగా పంపిన ఫోటోను అది బాగా కుదించి పంపుతుంది. గూడబాతు పైముక్కు అంచున వరుసగా ఉండే నీలినల్లటి చుక్కలు కెమెరా తెరమీద ఒక్కొక్కటిగా లెక్కపెట్టేంత స్పష్టంగా ఉన్నా, గ్రూపులోకి చేరిన ఫోటోను పెద్దది చేసి చూస్తే అవి అలుక్కుపోయి ఒక బూడిదరంగు చారగా మిగులుతాయి. 2023లో వచ్చిన హెచ్‌డీ ఎంపిక వల్ల ఈ నష్టం కొంత తగ్గింది. అసలు ఫోటో చెక్కుచెదరకుండా వెళ్లాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. అలా పంపినప్పుడు ఫైలులో నిక్షిప్తమై ఉన్న తేదీతోపాటు, ఫోన్ నమోదు చేసుకున్న లొకేషన్ కూడా అవతలివారికి చేరుతుందని గుర్తుంచుకోవాలి.

ఇన్‌స్టాగ్రామ్ బలం పరిచయం లేనివారికి చేరడంలో ఉంది. విజయవాడలో ఉన్నవారి ఫోటో విశాఖలోనో అమెరికాలోనో ఉన్న తెలుగువారి కంట పడేది దాని ద్వారానే, దాన్ని కాదనలేం. కానీ అది నిలువు ఫ్రేమును ఇష్టపడే వేదిక. రెక్కలు బారచాచి నీటిమీద వాలుతున్న గూడబాతును అడ్డంగా తీస్తే ఫోన్ తెరమీద అది సన్నటి పట్టీలా కనిపిస్తుంది, నిలువుగా కత్తిరిస్తే రెక్కల కొసలు పోతాయి. చూపించే వెడల్పు కూడా 1080 పిక్సెళ్లకు తగ్గుతుంది. వీటన్నిటికంటే పెద్ద లోటు మరొకటి: అక్కడ పెట్టిన ఫోటో ఏ ప్రశ్నకూ జవాబు కాలేదు. ఆటపాకలో ఫలానా నెలలో పిల్లలు గూళ్లలో ఉన్నాయా అని ఎవరైనా వెతకబోతే, అదే విషయం మీద వందల ఫోటోలు ఉన్నా, తీసిన తేదీ ఒకటి, పెట్టిన తేదీ ఒకటి కావడంతో వాటిలో దేన్నీ నమ్మే వీలుండదు. ఫేస్‌బుక్‌దీ ఇంచుమించు ఇదే కథ. అక్కడి పక్షి ప్రేమికుల గ్రూపుల్లో పేరు అడిగితే మాత్రం వెంటనే చెప్పేవారు దొరుకుతారు.

2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్లీలో విద్యార్థుల ప్రాజెక్టుగా మొదలైన ఐనాచురలిస్ట్ పద్ధతి వేరు. అక్కడ ఫోటో అందంగా ఉందా అని ఎవరూ అడగరు. ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవే అడుగుతారు. ఈ వివరాలతో ఫోటో పెట్టి మనకు తోచిన పేరు రాస్తే, తెలిసినవారు దాన్ని బలపరుస్తారు లేదా సరిదిద్దుతారు. కనీసం ఇద్దరు పేరు సూచించి, వారిలో మూడింట రెండు వంతులకు మించి జాతి పేరు మీద ఏకీభవిస్తే ఆ నమోదు పరిశోధనకు పనికివచ్చే స్థాయికి చేరుతుంది. తగిన లైసెన్సు ఉంటే అక్కడి నుంచి ప్రపంచవ్యాప్త జీవవైవిధ్య సమాచార నిధి అయిన జీబీఐఎఫ్‌కు వెళుతుంది.

దీనివల్ల మామూలు లెన్సు ఉన్నవాడికి గొప్ప ఊరట. కృష్ణ ఒడ్డున రాయిమీద రెక్కలు ఆరబెట్టుకుంటున్న నీటికాకిని దూరం నుంచి తీస్తే ఆ ఫోటోకు ఇన్‌స్టాగ్రామ్‌లో పది లైకులు కూడా రావు. అదే ఫోటో ఐనాచురలిస్ట్‌లో పెడితే, పొట్టి ముక్కుతో, ఎత్తైన నుదురుతో ఉన్న చిన్న నీటికాకా, లేక పొడవాటి సన్నని ముక్కుతో, నీలాల కంటితో ఉండే మరో రకమా అన్న చర్చ నడుస్తుంది. ఆ కన్ను రంగు తెలియాలంటే పూర్తి పరిమాణంలో ఫోటో పెట్టాలి. కళాత్మకంగా ఉంటుందని రంగులు మార్చిన ఫోటో అక్కడ అక్కరకు రాదు. పురుగులు, సాలీళ్లు, గట్టు మీద మొలిచే పేరు తెలియని మొక్కలు కూడా పెట్టవచ్చు కనుక, పక్షులు కనిపించని రోజు కూడా కెమెరా ఖాళీగా ఉండదు. ఇబ్బందులూ ఉన్నాయి: సంభాషణ ఎక్కువగా ఇంగ్లీషులో సాగుతుంది, కొన్ని పురుగుల ఫోటోలు నెలల తరబడి పేరులేకుండా పడి ఉంటాయి. మేనత్తలు, బావమరుదులు అక్కడికి రారు గనుక ‘సూపర్’ అనేవారు కూడా ఉండరు.

పక్షులే లోకంగా బతికేవారికి ఈబర్డ్ ఇంకా మేలు. కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం, ఆడుబాన్ సొసైటీ కలిసి 2002లో ప్రారంభించిన ఈ వేదికలో ఫోటో రెండో స్థానంలో ఉంటుంది. ఎంతసేపు చూశాం, ఎంత దూరం నడిచాం, ఏ పక్షి ఎన్ని కనిపించింది అన్న జాబితా ముందు ఇవ్వాలి, ఫోటో దానికి సాక్ష్యంగా జతపడుతుంది. ఉప్పలపాడు వంటి చోటికి ఈ పద్ధతే సరిగ్గా అతుకుతుంది. ఎందుకంటే అక్కడ గూడబాతు ఉందన్నది అందరికీ తెలిసిన సంగతే, ఈ ఏడు ఎన్ని వచ్చాయన్నదే విలువైన సమాచారం. ఐనాచురలిస్ట్‌లో పెట్టిన ఒక్క ఫోటో ఆ లెక్క చెప్పలేదు. అందుచేత గుంపులుగా చేరే చోట ఈబర్డ్, ఒంటరిగా ఎదురైన వింత ప్రాణికి ఐనాచురలిస్ట్ అని పంచుకుంటే రెంటికీ న్యాయం జరుగుతుంది.

లొకేషన్ సంగతిలో ఈ వేదికల తేడా మరింత స్పష్టంగా బయటపడుతుంది. ఉప్పలపాడు గుట్టు దాచవలసింది కాదు, దారిలో బోర్డులే ఉన్నాయి. నక్షత్ర తాబేలు విషయం అలా కాదు. పెంపుడు జంతువుల దొంగ వ్యాపారం కోసం దాన్ని పట్టుకుపోయేవారు ఎక్కువ కావడంతోనే 2019లో దాన్ని వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్య ఒప్పందమైన సైటిస్‌లో, అత్యంత కట్టుదిట్టమైన రక్షణ ఇచ్చే మొదటి అనుబంధంలోకి మార్చారు. మెట్టనేల తుప్పల్లో అలాంటి తాబేలు కనిపించిందని ఇన్‌స్టాగ్రామ్‌లో ఊరి పేరుతో సహా పెడితే అడ్డుకునే ఏర్పాటు ఏదీ లేదు. ముప్పులో ఉన్నట్టు నమోదైన జాతులకు ఐనాచురలిస్ట్ తనంతట తానే అసలు చోటును దాచి, ఒక్కో వైపు 20 కిలోమీటర్లకు పైగా ఉండే గడిలో ఎక్కడో ఒకచోట గుర్తు చూపిస్తుంది. కృష్ణా అభయారణ్యపు మడ అడవుల్లో తిరిగే బావురుపిల్లికీ ఇదే రక్షణ. ఊరిబయట పాత బావిలో గూడు పెట్టిన గుడ్లగూబకు ఆ రక్షణ దానంతట అది రాకపోవచ్చు, కనుక చోటును దాచే ఎంపికను మనమే నొక్కాలి.

ఇక ప్రయాణాల ఫోటోలు. ఉండవల్లి నాలుగంతస్తుల గుహాలయాన్ని, లోపలి మసక వెలుతురులో పవళించిన అనంతపద్మనాభుణ్ణి తీయని యాత్రికుడు లేడు, ఆ ఫోటోలకు కొదవా లేదు. కొదవ ఉన్నది మన పక్క ఊళ్లకు: తెలుగు వికీపీడియాలో ఊరి పేరుతో వ్యాసం ఉంటుంది, ఆ ఊరి పాత గుడిదో, చెరువుగట్టు మీది శాసనానిదో ఒక్క ఫోటో ఉండదు. ఆ ఖాళీ నింపే చోటు 2004లో మొదలైన వికీమీడియా కామన్స్. అక్కడ పేరు ప్రస్తావించి ఎవరైనా వాడుకోవచ్చన్న లైసెన్సు ఇవ్వాలి, అందులో వ్యాపార వినియోగం కూడా చేరే ఉంటుంది, ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. భారత కాపీరైటు చట్టం 1957 ప్రకారం బహిరంగ స్థలంలో శాశ్వతంగా ఉన్న భవనాలను, శిల్పాలను ఫోటో తీసి ప్రచురించవచ్చు. ఆ వెసులుబాటు చిత్రాలకు వర్తించదు గనుక, నగరంలో గోడల మీద ఈమధ్య వేసిన బొమ్మల ఫోటోలు కామన్స్‌లో నిలవవు.

వ్యాపారులు తన ఫోటోను ఉచితంగా వాడుకుంటారన్న ఊహే మింగుడుపడనివారికి ఫోటోలు దాచుకుని చూపించే సైటు ఫ్లికర్ మధ్యేమార్గం. ఫోటో తేదీ, కెమెరా వివరాలతో సహా ఉంటుంది, సర్వహక్కులూ మనవేనని రాసుకోవచ్చు. ఉచిత ఖాతాలో 1000 ఫోటోల పరిమితి ఉన్నది గనుక, ఒకే కొంగ ఒకే భంగిమలో ఉన్న పాతిక ఫోటోలలో ఏది ఉంచాలో ఎంచుకునే అలవాటు తప్పనిసరిగా అబ్బుతుంది.