కారు ఇంజన్‌తో విమానం కట్టుకునేవారికి హెచ్చరిక: హార్స్‌పవర్ లెక్కన అమ్మే కూలింగ్ కిట్లు

సొంతంగా విమానం కట్టుకుని అందులో కారు ఇంజన్ అమర్చుకునేవారి కోసం ఒక విక్రేత రేడియేటర్, దానికి గాలిని చేర్చే ఫైబర్‌గ్లాస్ డక్ట్, హోస్ పైపులు, ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ (వేడికి వ్యాకోచించే కూలెంట్‌కు, అంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవానికి, చోటిచ్చే తొట్టి) కలిపి ఒకే కిట్‌గా అమ్ముతున్నారు. 100 హార్స్‌పవర్ ఇంజన్‌కు సరిపోతుందని, బిగించుకుని ఎగరడమే తరువాయి అని వారి హామీ. నేను ఆ కిట్ కొన్నాను. నేల మీద ఉన్నంతసేపు ఉష్ణోగ్రత అదుపులోనే ఉంది. టేకాఫ్ తరువాత పూర్తి థ్రాటిల్‌తో పైకి ఎక్కుతుండగా మాత్రం మీటరు సూది ఎక్కడా ఆగకుండా పెరుగుతూ ఎర్రగీత దాకా వచ్చింది. రన్‌వే ఇంకా అందుబాటులో ఉండగానే పవర్ తగ్గించి దిగగలిగాను కాబట్టి ఇంజన్ దక్కింది.

హార్స్‌పవర్ లెక్కన రేడియేటర్‌ను అమ్మడమే ఇక్కడ అసలు మోసం. 100 హార్స్‌పవర్ ఇంజన్ ఉన్న కారు సమతలమైన రోడ్డు మీద నిలకడగా పోతున్నప్పుడు అందులో పావు వంతు వాడితే ఎక్కువ. అదే ఇంజన్ విమానంలో ఎక్కుడు సమయమంతా పూర్తి పవర్ ఇవ్వాలి. అంటే షాఫ్ట్ దగ్గర సుమారు 75 కిలోవాట్లు వస్తుండగా, అందులో కనీసం సగానికి సమానమైన వేడి కూలెంట్‌లోకి చేరుతూ ఉంటుంది. ఆ వేడిని మోసుకుపోవలసిన గాలి సరిగ్గా అప్పుడే తక్కువగా దొరుకుతుంది. 120 నాట్ల (ఒక నాట్ అంటే గంటకు సుమారు 1.85 కిలోమీటర్లు) వేగంలో ఎదురుగాలి ఒత్తిడి సుమారు 240 మిల్లీమీటర్ల నీటిమట్టానికి సమానమైతే, 60 నాట్ల ఎక్కుడు వేగంలో అది 60 మిల్లీమీటర్లే.

ఆ కొద్దిపాటి ఒత్తిడిని కూడా ఈ కిట్‌లోని డక్ట్ వృథా చేస్తోంది. ఇరుకైన ముఖద్వారం నుంచి రేడియేటర్ వెడల్పుకు అది చాలా తక్కువ పొడవులో విచ్చుకుంటుంది. తిన్నని గోడలున్న డక్ట్ ఒక్కో వైపు సుమారు 7 డిగ్రీలకు మించి తెరుచుకుంటే గాలి గోడను విడిచిపెట్టి సుడులు తిరుగుతుంది, నెమ్మదించి ఒత్తిడిగా మారవలసిన వేగం వేడిగా వృథా అవుతుంది. రేడియేటర్‌కు ముందూ వెనకా సన్నని గొట్టాలు పెట్టి, నీటి మానోమీటర్‌తో (నీటిమట్టం తేడాతో ఒత్తిడిని చూపే పరికరంతో) కొలిచి చూశాను: ఎక్కుడు వేగంలో దొరికే ఒత్తిడిలో మూడో వంతు కూడా రేడియేటర్‌కు అందడం లేదు. పైగా గాలి బయటికి పోయే దారి లోపలికి వచ్చే దారి కన్నా చిన్నదిగా ఉంది, వేడెక్కిన గాలి వ్యాకోచిస్తుందన్న సంగతి తెలిసినవారెవరూ అలా చేయరు.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టినది మరొకటి ఉంది. వారి సూచనల ప్రకారం ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ ఇంజన్‌లోని అత్యంత ఎత్తైన నీటిదారి కన్నా కిందికి వస్తుంది, కాబట్టి సిలిండర్ హెడ్‌లో చిక్కిన గాలికి బయటపడే మార్గం ఉండదు. ఉష్ణోగ్రత సెన్సర్‌ను పై హోస్ పైపులో పెట్టమంటున్నారు. కూలెంట్ కారిపోయి ఆ పైపులో గాలీ ఆవిరీ మాత్రమే మిగిలితే సూది పడిపోతుంది, ఇంజన్ చల్లబడిందని పైలట్ నమ్ముతాడు.

కొలతలన్నీ పంపితే విక్రేత ముందు ఇగ్నిషన్ టైమింగ్‌ను (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టే క్షణాన్ని), తరువాత ప్రొపెల్లర్ పిచ్‌ను (రెక్కల వాలును) తప్పుపట్టారు. డబ్బు వాపసు ఇవ్వనన్నారు. అదనంగా చెల్లిస్తే ఇంకా మందమైన రేడియేటర్ పంపుతామన్నారు. మందం పెరిగిన కొద్దీ గాలికి అడ్డు కూడా పెరుగుతుంది, అదే డక్ట్ వెనక దాన్ని పెట్టినందువల్ల మేలు జరగదు.

ఇలాంటి కిట్ ఎవరి దగ్గర కొంటున్నా, ఎక్కుడు వేగంలో రేడియేటర్‌కు ఇరువైపులా ఒత్తిడి తేడా ఎంతో, ఆ పరీక్ష జరిగిన రోజు బయటి ఉష్ణోగ్రత ఎంతో రాతపూర్వకంగా అడగండి. ఈ రెండో ప్రశ్న చాలా ముఖ్యం. థర్మోస్టాట్ (కూలెంట్ వేడెక్కాక దాన్ని రేడియేటర్‌కు వదిలే కవాటం) పూర్తిగా తెరుచుకున్నాక కూలెంట్‌కూ బయటి గాలికీ మధ్య తేడా దాదాపు స్థిరంగా ఉంటుంది కాబట్టి, 15 డిగ్రీల చలిరోజున 92 చూపిన ఇంజన్ 40 డిగ్రీల రోజున 117 దగ్గరికి పోతుంది. ప్రకటనలో వారు వేసిన మీటరు ఫొటో కింద బయటి ఉష్ణోగ్రత రాసి లేదు.

ఇప్పటికే ఈ కిట్ బిగించుకున్నవారు మళ్లీ ఎగరడానికి ముందు ట్యాంక్‌ను అన్నిటికన్నా ఎత్తుకు మార్చి, హెడ్ పైభాగం నుంచి దానికి ఒక సన్నని గొట్టం కలపండి. సిలిండర్ హెడ్ లోహంలోనే మరో ఉష్ణోగ్రత సెన్సర్‌ను, దానితోపాటు కూలెంట్ ఒత్తిడి మీటరును కూడా అమర్చుకోండి. నీళ్లు కారిపోవడం మొదలైతే మొదట పడిపోయేది ఆ ఒత్తిడే.