కాలి మాయమయ్యే గింజలు: మట్టిపాత్ర మీద గరుకు పనికి బియ్యమా, ఆవాలా, ఊకా?

పచ్చి మట్టి పలక మీద కందిపప్పు వరసగా నొక్కి, రాత్రి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే ప్రతి బద్ద చుట్టూ వెంట్రుక వాసి పగుళ్లు. నాలుగైదు చోట్ల ఒక బద్ద దగ్గర మొదలైన పగులు పక్క బద్ద దాకా పాకి, అక్కణ్ణుంచి పలక అంచు వరకూ పోయింది. పప్పు మట్టిలోని తడిని రాత్రంతా తాగి ఉబ్బింది. అదే సమయంలో మట్టి తడి ఆరుతూ కుంచించుకుపోయింది. లోపలిది లావెక్కుతుంటే బయటిది బిగుసుకుంటోంది. ఇక పగలక ఏం చేస్తుంది?

పని పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. పచ్చి కుండ మీద వంటింటి గింజలు నొక్కుతాం, లేదా మట్టిలోనే కలిపి పిసుకుతాం. కొలిమిలో పెట్టినప్పుడు గింజ కాలిపోతుంది, అది ఉన్న చోటు గుంటగా మిగులుతుంది. చేత్తో చెక్కితే రాని గరుకు, పుల్లతో పొడిస్తే రాని పోలిక దీనికి వస్తుంది. గుంటలో గింజ ముఖం అచ్చుగుద్దినట్టు ఉంటుంది. పురావస్తు శాస్త్రజ్ఞులు పాత కుండపెంకుల మీది ఇలాంటి గుంటల్లో సిలికాన్ పోసి, ఆ అచ్చును మైక్రోస్కోపు కింద చూసి, అది ఏ ధాన్యమో పోల్చుకుంటారు. వేల ఏళ్ల కిందట మట్టిలో పడి కాలిపోయిన గింజను అలా గుర్తుపడుతున్నారంటే ఈ ముద్ర ఎంత నిక్కచ్చిగా నిలుస్తుందో చూడండి.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేది ఒకటే: ఏది బాగా కాలుతుంది? అన్నీ కాలతాయి. 1000 డిగ్రీల వేడికి ఆగే గింజ మన పోపులపెట్టెలో లేదు. నేను పోగొట్టుకున్న పలకల్లో ఎక్కువ భాగం కొలిమి మొహం చూడకముందే పోయాయి, ఆరబెట్టిన బల్ల మీదే. అందుకే ఏ గింజ ఎంత ఉబ్బుతుంది అన్నది ముందు చూసుకోమంటాను. కింద చెప్పేవన్నీ ఒకే ఎర్రమట్టితో, అరచేతంత పలకల మీద, అర అంగుళం మందంతో చేసి చూసినవి.

బియ్యం, పప్పులు

అందరూ ముందు పట్టుకునేవి ఇవే, డబ్బా చేతికి అందేచోట ఉంటుంది కాబట్టి. బియ్యపు గింజ వేసే ముద్ర అందంగా ఉంటుంది. సన్నగా, పొడుగ్గా, వాన చినుకులు ఏటవాలుగా పడ్డట్టు. సోనా మసూరి ఒక రకం గీత, దొడ్డు బియ్యం ఇంకో రకం. కానీ బియ్యానికి నీళ్లు తాగే గుణం ఉంది. పప్పుల సంగతి చెప్పనే అక్కర్లేదు, శనగలు నానితే బరువు దాదాపు రెట్టింపు అవుతుందని వంట చేసేవాళ్లందరికీ తెలుసు. తడి మట్టిలో ఎండు శనగ నొక్కడమంటే చిన్న మేకు దిగ్గొట్టినట్టే.

దీనికి రెండు ఉపాయాలు పనిచేశాయి. ఒకటి, మట్టి బాగా బిగిసేదాకా ఆగడం. స్టూడియోల్లో లెదర్ హార్డ్ అంటారు. గోటితో నొక్కితే గుర్తు పడాలి, వేలికి మాత్రం మట్టి అంటకూడదు. అప్పుడు మట్టిలో గింజ తాగడానికి తడి తక్కువ ఉంటుంది. గింజను సగం లోతుకు మించి నొక్కకుండా, గుర్తు పడగానే సూదితో పైకి లేపేస్తే ఇంకా మంచిది. ఇక కాల్చే బాధే లేదు.

రెండో ఉపాయం నాకు ఆలస్యంగా తట్టింది. పప్పును ముందే నానబెట్టి నొక్కడం. నానిన పప్పు అప్పటికే ఉబ్బి ఉంటుంది, ఇంక ఉబ్బదు. మట్టితో పాటు అదీ ఆరి, మట్టి కంటే ఎక్కువ కుంచించుకుని, గుంటలో వదులుగా కూచుంటుంది. పగులు రాలేదు. కానీ గట్టిగా నొక్కితే చిదిగిపోతుంది, నీడన మెల్లగా ఆరబెడితే బూజు పడుతుంది. పెసలు నానబెట్టి వాడితే మూడో రోజుకి మొలకలు వచ్చాయి! కాబట్టి పొట్టు తీసిన బద్దలే వాడండి. ఇంకో గొడవ ఎలుకలు. ఆరబెట్టిన పలకల మీద పప్పు కోసం వచ్చి అంచులన్నీ కొరికి పెట్టాయి.

తిండిగింజల్ని తగలేయడం మనసుకు ఒప్పదు అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నేనూ అందులో ఒకదాన్ని. అందుకే నూకలు, పురుగు పట్టిన పప్పు, డబ్బా అడుగున మిగిలినవే వాడతాను. నూకల ముద్ర బియ్యం కంటే గరుగ్గా ఉండి, నా కళ్లకు ఇంకా బాగుంటుంది.

సగ్గుబియ్యం

గుండ్రటి, నునుపైన గుంటలు కావాలంటే దీన్ని మించింది లేదు. సామర్లకోట, పెద్దాపురం వైపు మిల్లుల్లో కర్రపెండలం పిండితో చేసే ఈ పూసలు ఒకే సైజులో ఉంటాయి, అందుకే వరసలు దిద్దడానికి సుఖం. చిక్కేమిటంటే తడి తగలగానే బంకగా మారుతుంది. మెత్తటి మట్టి మీద చల్లి వదిలేస్తే గంటలోనే పూస అంచులు కరిగి, గుంట గుండ్రం పోయి చెదిరినట్టు అవుతుంది. ఇదీ లెదర్ హార్డ్ దశలోనే వాడాలి. చల్లాక పైన పల్చటి గుడ్డ పరిచి, చపాతీ కర్రతో ఒక్కసారి దొర్లించండి. రెండోసారి దొర్లిస్తే పూసలు పక్కకు జారతాయి.

ఆవాలు, రాగులు, గసగసాలు

నా ఓటు వీటికే. గింజ చిన్నది కాబట్టి అది ఎంత ఉబ్బినా చుట్టూ ఉన్న మట్టి తట్టుకుంటుంది. కందిపప్పు పలక పగిలిన రాత్రే పక్కన పెట్టిన ఆవాల పలక మీద ఒక్క గీత కూడా లేదు. కాలాక చేత్తో తడిమితే చింతాకు మీద వేలు పెట్టినట్టు సన్నటి జలదరింపు. దగ్గర దగ్గరగా చల్లితే తేనెపట్టులా, దూరంగా చల్లితే వేపచెట్టు కింద ఎండ పొడలా కనిపిస్తుంది.

ఆవాలకు ఒకటే లోపం, నూనె. కాలేటప్పుడు పొగ ఎక్కువ, ఘాటు వాసన. రాగుల్లో నూనె పెద్దగా ఉండదు, ధర కూడా తక్కువ, గుంట ఇంచుమించు అదే సైజు. అందుకే ఈమధ్య ఆవాలు మాని రాగులకు మారాను. గసగసాలు ఇంకా సన్నటి పని చేస్తాయి, కాకపోతే వాటి ధరకు పెద్ద కుండ మీద చల్లడానికి చెయ్యి రాదు.

సబ్జా గింజలు మాత్రం ముట్టుకోకండి. తడి తగిలితే షర్బత్‌లో ఉబ్బినట్టే ఇక్కడా జిగురు కట్టి, మట్టి పై పొరను లేపేస్తాయి.

ఊక

ఇది వంటింట్లోది కాదు, వాకిట్లోది. అయినా ఈ పోలికలో దీన్ని వదిలేస్తే అన్యాయం. పొయ్యి వేసేటప్పుడు, గోడ మెత్తేటప్పుడు మట్టిలో ఊక కలపడం మన పల్లెల్లో అమ్మమ్మల నాటి పని. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పేరుమోసిన ఉక్కు కాచిన మూసల (లోహం కరిగించే మట్టిపాత్రల) మట్టిలోనూ వడ్ల ఊక దట్టంగా కలిపేవారు. 1200 డిగ్రీలు దాటిన వేడికి ఆ మూసలు నిలబడ్డాయి.

అక్కడే ఊకకూ మిగతా గింజలకూ తేడా తెలుస్తుంది. బియ్యం కాలితే నూటికి ఒక వంతు కూడా బూడిద మిగలదు. ఊక అలా కాదు. 100 గ్రాములు కాలిస్తే దాదాపు 20 గ్రాముల బూడిద నిలుస్తుంది, అందులో అధిక భాగం సిలికా. అంటే ఊక పూర్తిగా మాయం కాదు, తన ఎముకల గూడు వదిలి వెళ్తుంది. కాలిన పలకను భూతద్దం కింద పెట్టి చూశాను. ప్రతి గుంటలో పడవ ఆకారంలో తెల్లటి పొర, ఆ పొర మీద ఊక గీతలు, దువ్వెన పళ్లంత వరసగా. పాత టూత్ బ్రష్‌తో తడిపి రుద్దితే పొర రాలిపోయి, అవే గీతలు మట్టి మీద మిగిలాయి. ఈ బూడిదను పొడిగా ఊదకండి, సిలికా దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. నీళ్లలో ముంచే కడగాలి.

ఊక ఉబ్బదు, ఎలుకలకు అక్కర్లేదు, ఖర్చు లేదు. నాలుగు గిన్నెల మట్టికి ఒక గిన్నె ఊక కలిపి పిసికితే పాత్ర మొత్తం ఒకే గరుకు వస్తుంది. పైగా మట్టి తొందరగా, పగుళ్లు లేకుండా ఆరుతుంది. పోగొట్టుకునేది బలం. కాలాక గోడంతా చిల్లుల మయం కాబట్టి పాత్ర తేలిగ్గా ఉంటుంది, తేలిగ్గా విరుగుతుంది కూడా. నీళ్లు చెమరుస్తాయి. పూలకుండీకి అది వరం, వేళ్లకు గాలి ఆడుతుంది. ప్రమిదకు పనికిరాదు, నూనె కిందికి దిగిపోతుంది. గ్వాటెమాలాలో 1981లో ఫెర్నాండో మజారియెగోస్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ చెమర్చే గుణాన్నే పట్టుకుని నీళ్ల ఫిల్టర్ కుండ తయారుచేశాడు. మట్టిలో రంపపు పొట్టో ఊకో కలిపి కాల్చి, పైన వెండి ద్రావణం పూసే ఆ కుండలు ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు.

ఊక కలిపిన తడి మట్టిని నిల్వ పెట్టకండి. వారం దాటితే కుళ్లిన వాసన వస్తుంది.

టీ పిప్పి, కాఫీ పిప్పి

ఇవి ఊకకు చెల్లెళ్లు. అప్పటికే నాని ఉన్నాయి కాబట్టి ఉబ్బుతాయన్న టెన్షన్ లేదు, ఎలాగూ పారేసేవే. గుంటలు మరీ సన్నగా, ఇసుకరాయిలా వస్తాయి. చక్కెర, పాలు కలిసిన టీ పిప్పిని రెండుసార్లు కడిగి ఆరబెట్టాలి, లేకపోతే చీమలు.

వద్దే వద్దు

ఉప్పు వద్దు. మట్టి తడిలో కరిగిపోతుంది, గుంట మిగలదు. పైగా పెద్ద వేడికి ఆవిరై, మట్టితో కలిసి ఘాటైన ఆమ్లపు పొగ వదులుతుంది. కరెంటు కొలిమి తీగలు పాడవుతాయి, మన గొంతూ మండుతుంది. కోడిగుడ్డు పెంకు కూడా వద్దు. అది కాలదు, సున్నంగా మారుతుంది. కొలిమిలోంచి తీసినప్పుడు బాగానే ఉంటుంది. తర్వాత గాలిలోని తేమ తాగి ఉబ్బి, పాత్ర మీంచి చెక్కులు చెక్కులుగా ఊడిపోతుంది. కుమ్మరులు మట్టి తొక్కేటప్పుడు సున్నపురాళ్లు ఏరి పారేసేది ఇందుకే.

కాల్చేటప్పుడు

గింజలున్న పాత్ర ఎముక ఎండినంత ఎండాలి, మట్టి ఆరినట్టు కనిపించినా గింజలో తడి దాగి ఉంటుంది. నేను రెండు రోజులు ఎక్కువే ఆగుతాను. 600 డిగ్రీల దాకా గంటకు 100 డిగ్రీలకు మించి పెంచను. గింజలు కాలేది 300 నుంచి 600 మధ్య, మట్టి తనలో కలిసిపోయిన నీటిని వదిలేదీ ఇంచుమించు అప్పుడే. ఆ సమయంలో కొలిమి పై రంధ్రం తెరిచి ఉంచాలి, గది కిటికీలు కూడా. తర్వాత 900 దగ్గర అరగంట ఆపితే లోపల మిగిలిన బొగ్గు కూడా కాలిపోతుంది. తొందరపడితే గోడ మధ్యలో నల్లటి పొర ఉండిపోతుంది. ఇంకా వేడెక్కితే అక్కడే బుడగలొచ్చి పాత్ర పొంగుతుంది. పొగ సంగతి ముందే చెప్పకుండా ఊరి కొలిమిలోనో స్టూడియో కొలిమిలోనో మన పాత్ర పెట్టకూడదు, అది వాళ్ల తీగలు, వాళ్ల గాలి.

పిడకల ఆవంలో, అంటే పిడకలు పేర్చి కాల్చే కుమ్మరి బట్టీలో, కాల్చినవాటికి వేరే అందం ఉంది. అక్కడ వేడి తక్కువ, పొగ ఎక్కువ. పాత్ర ఎర్రగా కాలినా గుంటల అడుగు నల్లగా ఉండిపోతుంది. ఎర్రకుండ మీద నల్లపూసలు గుచ్చినట్టు. ఆ రంగు కోసమే రాగుల కూజాలు నేను ఆవంలోనే కాలుస్తున్నాను.

మరి ఏది మేలు? పూలకుండీ, లాంతరు, గోడకు తగిలించే పలక అయితే ఊక. చేత్తో పట్టుకునే కప్పు, కూజా అయితే రాగులో ఆవాలో, అదీ బయటివైపే. లోపలివైపు గుంటలుంటే తిండి ఇరుక్కుంటుంది, కడగలేం. వరసలు, ముగ్గులు దిద్దాలంటే సగ్గుబియ్యం. పప్పులు చివరి మాట, అవీ నానబెట్టినవే.

మొదటిసారి చేసేవాళ్లు పాత్ర జోలికి పోకండి. అరచేతంత పలక ఒకటి చేసి, మధ్యలో గీత గీసి, ఒకవైపు రాగులు, ఇంకోవైపు శనగపప్పు నొక్కి, తడిగుడ్డ కప్పకుండా నీడన పెట్టండి. తెల్లారి లేవగానే ముందు శనగపప్పు వైపు చూడండి.