కాలిన అడవిలో లెక్క రాయడానికి ఐనాచురలిస్ట్ ఎంతవరకు పనికొస్తుంది?

తురహళ్లి లాంటి బెంగళూరు శివారు అడవుల్లో ఎండాకాలం గడ్డి అంటుకున్నాక, తిరిగొచ్చిన మొక్కల్నీ జీవాల్నీ నమోదు చేయాలనుకునేవాళ్లకు మేం ముందు చెప్పే యాప్ ఇదే. ఫొటో ఎక్కిస్తే అందులో ఉన్నది ఏ జాతో మిగతా వాడుకరులు గుర్తుపట్టి చెబుతారు. పూర్తిగా ఉచితం. ఫొటో, తేదీ, చోటు ఉంటే చాలు. గుర్తుపట్టినవాళ్లు కనీసం ఇద్దరుండి, మూడింట రెండు వంతులకు పైగా ఒకే జాతి పేరు చెబితే నమోదు 'రీసెర్చ్ గ్రేడ్'కు, అంటే పరిశోధనకు పనికొచ్చే స్థాయికి చేరుతుంది. ఆస్ట్రేలియాలో 2019-20 కార్చిచ్చుల తర్వాత న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం వాళ్లు జనంతో నమోదు చేయించిందీ దీని మీదే.

పెద్ద ఇబ్బంది ఒకటుంది. ఇది ఏ జాతి అని యాప్ అడుగుతుంది, ఎలా తిరిగొచ్చిందని అడగదు. మంటలు ఆరాక అసలు కావలసింది అదే: వేరు పిలకా, కాండం మీద చిగురా, విత్తనం మొలకా? మొక్క మొదట్లో బూడిదను వేలితో పక్కకు నెట్టి చూడండి. నల్లబడ్డ లావాటి మోడు తగిలితే పిలక. సన్నటి కాడ నేరుగా మట్టిలోకి దిగి, కింద రెండు బీజదళాలుంటే (విత్తనంలోంచి మొదట వచ్చే ఆకులు) మొలక. ఆ మొదలును దగ్గర్నుంచి తీసిన ఫొటోను కూడా అదే నమోదుకు జోడించాలి. ఎలా తిరిగొచ్చిందన్న వివరం అందరూ తప్పక నింపాలంటే, బృందం నమోదులన్నీ ఒకచోట చేర్చే ప్రాజెక్టును యాప్‌లో 'ట్రెడిషనల్' రకంగా పెట్టాలి. 'కలెక్షన్' రకం సులువే. హద్దుల్లో పడ్డవన్నీ తనే లాక్కుంటుంది, కానీ అదనపు గడులు నింపమని పట్టుబట్టదు.

యాప్ సూచించే మొదటి పేరును గుడ్డిగా నొక్కొద్దు. నీలగిరి చెట్టు కాలిన కాండం మీద వేసే లేత ఆకు వెడల్పుగా ఉంటుంది, ముదురు ఆకేమో కొడవలిలా సన్నగా ఉంటుంది. రెండూ ఒకే చెట్టువంటే కొత్తవాళ్లు నమ్మరు. అనుమానం ఉంటే ప్రజాతి (జాతికి పై మెట్టు) దగ్గరే ఆగిపోండి.

వాట్సాప్‌లో పంపించుకున్న ఫొటోలు ఎక్కించకండి. అందులో తేదీ, చోటు వివరాలు ఊడిపోతాయి; నమోదు రీసెర్చ్ గ్రేడ్‌కు చేరకుండా 'క్యాజువల్'లో పడి ఉంటుంది.

వెతికినా కనబడనివాటికి ఐనాచురలిస్ట్‌లో చోటు లేదు. పిట్టల విషయంలో ఈ లోటును పిట్టల లెక్కలు రాసే ఈబర్డ్ యాప్ తీరుస్తుంది. కాలిన చోట ఒకటి, కాలని చోట ఒకటి ఎంచుకుని, ఒక్కోచోట 15 నిమిషాలు నిలబడి, గుర్తుపట్టిన ప్రతి పిట్టనూ రాసి 'కంప్లీట్ చెక్‌లిస్ట్' అని పెట్టాలి. అప్పుడే పోల్చడానికి వీలుంటుంది. నేల మీద జీవాలకు మాత్రం విడిగా కాగితం పెట్టుకోక తప్పదు.

చివరగా చోటు సంగతి. నక్షత్ర తాబేలు లాంటి ముప్పున్న జాతులు ఎక్కడ కనబడ్డాయో యాప్ దాచేస్తుంది. అసలు చోటుకు బదులు పటంలో ఒక పెద్ద చదరమే తెలుస్తుంది; దాని ఒక్కో పక్క 0.2 డిగ్రీలు, అంటే సుమారు 22 కిలోమీటర్లు. వేటగాళ్ల భయం ఉన్నచోట అది సరైన పనే. కానీ తాబేలు కాలిన ముక్కలో దొరికిందా, బయటా అన్నది బృందానికే తెలియకుండా పోతుంది. సభ్యులు ప్రాజెక్టులో చేరేటప్పుడే దాచిన చోట్లు నిర్వాహకులకు కనిపించేలా అనుమతివ్వాలి. అడుగు పెట్టేముందు అటవీ శాఖ అనుమతి ఎలాగూ తప్పనిసరి.

మా మార్కు 5కి 4.