జవాను రోజువారీ బతుకు గీయడానికి పెన్సిలా, నీటిరంగులా?

ఒంగోలు స్టేషన్‌లో సెలవు మీద వచ్చిన జవాను ట్రంకుపెట్టె మీద కూర్చుని బూటు లేసు బిగించుకునేది ఒక్క నిమిషమే. దానికి 4బి పెన్సిలే (మెత్తగా, నల్లగా గీసేది) సరి. ముందు నడుం వంపు, తర్వాత భుజాలు, చేతులు. ముఖంతో మొదలుపెడితే చేతుల దగ్గరికొచ్చేసరికి మనిషి లేచిపోతాడు. గీత చెరిగిపోకుండా అరచేతి కింద కాగితం ముక్క పెట్టుకోవాలి. అడిగి గీయండి, యూనిట్ గుర్తులు వదిలేయండి.

వెలిసిన యూనిఫాం రంగు పట్టేది మాత్రం నీటిరంగే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ అధికారిక చిత్రకారుడు ఎడ్వర్డ్ ఆర్డిజోన్ సైనికుల తీరిక వేళల్ని కలం గీత, పల్చటి నీటిరంగుతోనే చూపాడు. అయితే నెల్లూరు తీరం తేమగాలికి పూత త్వరగా ఆరదు. తడి మీదే రెండోది వేస్తే మురికవుతుంది. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) కన్నా పల్చని కాగితం ఉబ్బుతుంది.

అక్కడికక్కడ పెన్సిల్‌తో గీసి, పక్కనే రంగుల పేర్లు రాసుకుని, పూత ఇంట్లో వేయడం మేలు.