డయాజోనియం గ్రాఫ్టింగ్: ఏళ్ల తరబడి వాడిన అనుభవం

ఎలక్ట్రోడ్ మీద సేంద్రియ పొరను సమయోజనీయ బంధంతో అతికించడానికి (దీన్నే గ్రాఫ్టింగ్ అంటారు) దారులు చాలానే ఉన్నాయి. అమీన్‌ను ఆక్సీకరించి కార్బన్‌కు కట్టవచ్చు, అరైల్‌అసిటేట్ (అరైల్ ఎసిటిక్ ఆమ్లపు లవణం)తోనూ ఆ పని చేయవచ్చు. బంగారమైతే థయాల్ (సల్ఫర్-హైడ్రోజన్ సమూహమున్న సమ్మేళనం) ద్రావణంలో ముంచి వదిలేస్తే చాలు. అవన్నీ కొంతకాలం వాడి చూశాను. చివరికి నా బల్ల మీద మిగిలింది డయాజోనియం లవణమే, అంటే బెంజీన్ వలయానికి రెండు నైట్రోజన్ల ధనావేశ సమూహం తగిలి ఉన్న లవణం. ఫ్రాన్స్ రసాయనవేత్తలు పిన్సన్, సవెయాన్ల బృందం 1992లో ప్రకటించిన ఈ పద్ధతిని నేను ఇష్టపడటానికీ, విసుక్కోవడానికీ కారణం ఒక్కటే: అందులో పుట్టే రాడికల్‌కు (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్కకు) ఆగడం తెలియదు.

పని తేలిక. 4-నైట్రోబెంజీన్ డయాజోనియం టెట్రాఫ్లోరోబోరేట్‌ను అసిటోనైట్రైల్‌లో మిల్లీమోలార్ స్థాయిలో కరిగించి, సపోర్టింగ్ ఎలక్ట్రోలైట్ కలిపి, పాలిష్ చేసిన గ్లాసీ కార్బన్ మీద సైక్లిక్ వోల్టామెట్రీ (పొటెన్షియల్‌ను ముందుకీ వెనక్కీ మారుస్తూ కరెంటు కొలిచే పద్ధతి) నడపాలి. సున్నా వోల్టు చుట్టుపక్కలే ఒక వెడల్పాటి క్షయకరణ పీక్ వస్తుంది. అయాన్ ఒక ఎలక్ట్రాన్ అందుకోగానే నైట్రోజన్ వాయువుగా పోతుంది, మిగిలిన అరైల్ రాడికల్ తాను పుట్టిన చోటే ఉన్న కార్బన్‌ను పట్టుకుంటుంది. రెండో స్కాన్‌కి పీక్ దాదాపు మాయం. అంత తక్కువ పొటెన్షియల్‌లో పని అయిపోవడం దీని పెద్ద సుగుణం. అమీన్ ఆక్సీకరణలో పొటెన్షియల్‌ను బాగా పైకి నెట్టాలి, ఆ క్రమంలో కార్బన్ ఉపరితలం కూడా ఆక్సీకరణకు గురవుతుంది.

గట్టితనం విషయంలో వంక పెట్టడానికి లేదు. సోనికేటర్‌లో పెట్టినా, ద్రావణి మార్చి కడిగినా పొర అలాగే ఉంటుంది. బంగారం మీది థయాల్ పొర చూడటానికి ఎంతో క్రమంగా ఉంటుంది గానీ, క్షార ద్రావణంలో పొటెన్షియల్‌ను బాగా రుణాత్మకానికి తీసుకెళ్తే ఊడిపోతుంది. గాలి తగిలేలా వదిలేస్తే సల్ఫర్ ఆక్సీకరించి మెల్లగా పాడవుతుంది. నెలల తరబడి పనిచేయాల్సిన సెన్సర్ కోసమైతే నేను థయాల్ జోలికి పోను.

ఇక విసుగు సంగతి. రాడికల్ కార్బన్‌తోనే ఆగదు. అప్పటికే అతుక్కున్న బెంజీన్ వలయం మీద కూడా దాడి చేస్తుంది, పొర మీద పొర గోడకు పట్టిన నాచులా పెరిగిపోతుంది. రెండో స్కాన్‌లో పీక్ పోయింది కదా, ఏకాణు పొర (ఒకే అణువు మందమున్న పొర) వచ్చేసిందని చాలామంది రాసేస్తుంటారు. ఆ పీక్ పోవడానికి అర్థం ఉపరితలం మూసుకుపోయిందని మాత్రమే. మందం తెలియాలంటే ఏఎఫ్ఎమ్ (సన్నని సూదితో ఉపరితలాన్ని తడిమే సూక్ష్మదర్శిని) సూదితో పొరను కొంచెం గీకి మెట్టు ఎత్తు కొలవడమే నాకు నమ్మకమైన దారి.

నైట్రో సమూహాల పీక్ కింద చార్జిని బట్టి లెక్కేస్తే మందమైన పొరలో లోపలి సమూహాలన్నీ స్పందించవు, కాబట్టి లెక్క తక్కువే చూపిస్తుంది. ఎక్స్‌పీఎస్‌లో (ఎక్స్-కిరణాలతో ఉపరితలంలోని మూలకాలను గుర్తించే పద్ధతి) 406 ఎలక్ట్రాన్‌వోల్టుల దగ్గర నైట్రో నైట్రోజన్, 400 దగ్గర అమీన్ లేదా అజో నైట్రోజన్ కనిపిస్తాయి. 400 పీక్ చూడగానే నైట్రో క్షయకరణ బాగా జరిగిందని సంబరపడకూడదు. ఎక్స్-కిరణాలు తామే నైట్రోను కొంత మార్చేస్తాయి. పైగా పొరలో అజో వంతెనలు (వలయాలను కలిపే నైట్రోజన్-నైట్రోజన్ ద్విబంధాలు) కూడా ఉంటాయి.

రుణావేశమున్న ఫెర్రిసైనైడ్ అయాన్ పొర దాటి ఎలక్ట్రోడ్‌తో స్పందిస్తుందా అని చూసే ఫెర్రిసైనైడ్ పరీక్ష అందరూ చేస్తారు, నేనూ చేస్తాను. పీక్ చదునైపోతే పొర వచ్చినట్టే. కానీ కార్బాక్సీఫినైల్ పొర మీద అదే పరీక్ష వేరే కథ చెబుతుంది. తటస్థ పీహెచ్‌లో ఆ పొర రుణావేశంతో ఉంటుంది కాబట్టి ఫెర్రిసైనైడ్‌ను తోసేస్తుంది, ధనావేశమున్న రుథీనియం హెక్సామీన్‌ను మాత్రం రానిస్తుంది. పీహెచ్ తగ్గిస్తే ఫెర్రిసైనైడ్ సిగ్నల్ కొంత తిరిగొస్తుంది. ఒక్క ప్రోబ్‌తోనే తీర్పు ఇచ్చేసిన ఫలితాలు చూస్తే నాకు టెన్షన్.

మందాన్ని అదుపు చేయడానికి కొన్ని దారులున్నాయి. గాఢత, సమయం తగ్గించడం అన్నిటికన్నా సులువు, అన్నిటికన్నా తక్కువ నమ్మకం కూడా. వలయం మీద టెర్షియరీ బ్యూటైల్ లాంటి లావాటి సమూహాలుంటే రాడికల్‌కు చోటు దొరకదు, పొర ఏకాణు దశలోనే ఆగిపోతుంది. లేదంటే డీపీపీహెచ్ లాంటి రాడికల్ స్కావెంజర్ (అదనపు రాడికల్‌లను పట్టేసే పదార్థం) కలపవచ్చు. నాకు బాగా నచ్చింది సిలైల్ రక్షక సమూహం ఉన్న ఇథైనైల్ (కార్బన్ త్రిబంధం) లవణం: గ్రాఫ్ట్ చేశాక రక్షకాన్ని తీసేస్తే పలచటి పొర మిగులుతుంది, దాని మీద క్లిక్ చర్యతో (త్రిబంధానికి అజైడ్‌ను తేలిగ్గా కలిపే చర్య) కావలసింది తగిలించుకోవచ్చు. ఖర్చు, శ్రమ ఎక్కువే అయినా ఎంజైమ్ సెన్సర్‌కైతే పెట్టదగినవే.

లవణం కొనడం ఇష్టం లేకపోతే హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో అమీన్‌కు సోడియం నైట్రైట్ కలిపి అప్పటికప్పుడు తయారుచేసి అందులోనే గ్రాఫ్ట్ చేయవచ్చు. నేను ఇప్పుడు ఎక్కువగా ఇదే చేస్తాను. ఒక్క జాగ్రత్త: డయాజోనియం క్లోరైడ్‌ను ఎప్పుడూ ఎండబెట్టి పొడిగా తీయకండి, పేలుతుంది. టెట్రాఫ్లోరోబోరేట్ దానికన్నా చాలా నెమ్మది, అయినా ఫ్రీజర్‌లోనే ఉంచాలి.

చెడిపోయిన పొరను తీయడమంటే పాలిషింగే, అల్యూమినాతో మొదటినుంచి. స్క్రీన్ ప్రింటెడ్ ఎలక్ట్రోడ్‌కు ఆ అవకాశం కూడా లేదు, పారేసి కొత్తది తీసుకోవడమే.