ఫెర్రగామో వారా: పదేళ్లు ల్యాబ్‌లో నిలబడ్డాక

ఇటలీ కంపెనీ ఫెర్రగామో చేసే, వారా అనే ఈ షూస్ చూసినవాళ్లందరూ ముందున్న బో, అంటే రిబ్బన్ ముడి గురించే అడుగుతారు. నేను రాయాలనుకున్నది మాత్రం లోపల, తోలు పొరల నడుమ, అరికాలి గుంట కింద దాక్కున్న వేలెడంత ఉక్కు పట్టీ గురించి. దాన్ని షాంక్ అంటారట. కొన్న ఐదేళ్లవరకూ అలాంటిదొకటి నా షూలో ఉందని నాకు తెలియదు. అది లేకుండా తిరిగిన ఆరు వారాల్లో తెలిసింది.

నేను హైదరాబాద్‌లో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. ప్రాక్టికల్స్ ఉన్న రోజు మూడు గంటలు కూర్చోడానికి వీలుండదు. వేళ్లు బయటపడే చెప్పులతో ల్యాబ్‌లోకి రావద్దని పిల్లలకు చెప్పి నేనే అలా రాలేను కదా. మూసి ఉండే షూస్ ఏవీ నా పాదం వెడల్పుకు పట్టేవి కావు. పట్టాలని ఒక సైజు పెద్దది కొంటే మడమ జారేది. ముప్పై ఎనిమిదేళ్లకే పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేస్తే మడమలో మేకు దిగినట్టుండేది.

2014 వేసవిలో, మా తమ్ముడు ఫ్లోరెన్స్‌లో పరిశోధన చేస్తుండగా చూడ్డానికి వెళ్లాం. ఆర్నో నది పక్కన, సాంతా త్రినితా వంతెన దగ్గర స్పీనీ ఫెరోనీ అనే పాత భవనం ఉంది. 13వ శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టిన రాతి కోట లాంటి ఇల్లు. ఈ కంపెనీ పెట్టిన సాల్వతోరె ఫెర్రగామో దాన్ని 1938లో కొన్నాడు. దుకాణం అందులోనే, నేలమాళిగలో మ్యూజియం. నిజానికి మేం వెళ్లింది మ్యూజియం చూడ్డానికే. అక్కడ సినిమా తారల పాదాల కొలతలతో చేసిన చెక్క అచ్చులున్నాయి. వాటి ముందు మా తమ్ముడు ఎంతసేపు నిలబడ్డాడో చెప్పలేను. కూచ్ బెహార్ మహారాణి ఇందిరాదేవి తన దగ్గరున్న వజ్రాలు, ముత్యాలు పంపి షూస్‌కు పొదిగించుకుందని, ఒకేసారి వంద జతలు చేయించుకుందని కూడా అప్పుడే విన్నాను.

నన్ను పట్టుకున్నది సాల్వతోరె కథ. నేపుల్స్‌కు తూర్పున బొనీతో అనే పల్లెలో 1898లో, పద్నాలుగు మంది పిల్లల్లో పదకొండోవాడిగా పుట్టాడు. చెల్లెలి పండగకు షూస్ కొనే స్తోమత ఇంట్లో లేకపోతే తొమ్మిదేళ్ల వయసులో రాత్రికి రాత్రి తానే కుట్టి ఇచ్చాడు. పదహారేళ్లకు అమెరికా బయల్దేరాడు. హాలీవుడ్‌లో తారలకు షూస్ కుడుతూ కూడా ఒక ప్రశ్న వదల్లేదు: అందంగా కుట్టిన షూ కాలిని ఎందుకు బాధపెడుతుంది? దానికోసం లాస్ ఏంజెలెస్‌లోని సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో శరీర నిర్మాణ శాస్త్రం తరగతులకు వెళ్లి కూర్చున్నాడు. నిలబడినప్పుడు ఒంటి బరువు నిట్టనిలువుగా పాదం వంపు మీదికి దిగుతుందని, ఆ వంపుకు కింద ఆధారం ఇవ్వకపోతే వేళ్లూ మడమా దెబ్బతింటాయని తేల్చుకున్నాడు. ఆధారం కోసం షూ నడుములో ఉక్కు పట్టీ పెట్టాడు. చదువు తక్కువైన ఒక చెప్పులు కుట్టే కుర్రాడు అంత దూరం ఆలోచించాడంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

పైకి వచ్చి ఊరికే చూద్దామని దుకాణంలోకి వెళ్లాను. అక్కడి అమ్మాయి నా పాదం కొలిచి ఒక జత తెచ్చింది. బిగుతుగా ఉందన్నాను. లోపలికి వెళ్లి అదే పొడవులో ఎక్కువ వెడల్పున్న జత తెచ్చింది. సైజు అంకె అదే, పక్కన అక్షరం మారింది. అప్పటిదాకా నా కాలిదే తప్పనుకునేదాన్ని. మడమ కదల్లేదు, వేళ్లు నలగలేదు. నల్ల తోలు వారా, మూడు సెంటీమీటర్ల మడమ. నా నెల జీతంలో దాదాపు మూడో వంతు. మా ఆయన ఏమీ అనలేదు, బిల్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

బో సంగతి కూడా చెప్పాలి. సాల్వతోరె 1960లో పోయాక కంపెనీని భార్య వాండా భుజాన వేసుకుంది. అప్పటికి ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు, ఆరుగురు పిల్లలు. పెద్దకూతురు ఫియామ్మా షూస్ డిజైన్ చూసుకునేది. 1978లో ఆమె వారాను గీసినప్పుడు బో తోలుతోనే ఉండాలనుకుంది. వర్క్‌షాప్‌లో పొరపాటుపడి గీతల రిబ్బన్‌తో చేశారు. చూసి, ఇదే బాగుందని ఉంచేసింది. నా బోకు 2017లో సల్ఫ్యూరిక్ ఆసిడ్ చుక్క పడి చిల్లు పడింది. నల్ల దారంతో కుట్టుకున్నాను, దూరం నుంచి తెలియదు.

తిరిగొచ్చాక మా స్టాఫ్ రూమ్‌లో అందరికీ, వేసుకున్న రోజు నుంచే మేఘాల మీద నడిచినట్టుందని చెప్పాను. ఇప్పుడు కొంచెం సర్దుకోవాలి. మొదటి నెల మడమ వెనక అంచు ఒరుసుకుంది. తోలు సోలు మా కారిడార్ గ్రానైట్ మీద జారింది, రెండో వారంలోనే పల్చటి రబ్బరు హాఫ్ సోల్ వేయించాను. మడమ నొప్పి కూడా ఒక్క రోజులో పోలేదు. మూడు నెలలు పట్టింది, అప్పట్లో ఫిజియోథెరపీ వ్యాయామాలూ చేస్తున్నాను. ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పలేను. కానీ వ్యాయామాలు మానేశాక కూడా నొప్పి తిరిగి రాలేదు, అది నిజం.

2019 వానాకాలంలో ఒక సాయంత్రం మలక్‌పేట రైలు వంతెన దగ్గర ఆటో ఆగిపోయింది. పిక్కల దాకా నీళ్లు. షూస్ విప్పి చేత్తో పట్టుకోవాల్సింది. గాజు పెంకులకు భయపడి వేసుకునే నడిచాను. ఇంటికొచ్చి ఫ్యాన్ కింద ఆరబెట్టాను. ఆరాయనుకున్నాను. పది రోజులకు నడిస్తే కిర్రుమని శబ్దం, సోలు అంచు విచ్చుకుంది. పెద్ద మాల్‌లో ఉన్న ఒక రిపేరు షాపులో ఇచ్చాను. వారం తర్వాత అద్దంలా మెరుస్తూ వచ్చాయి. కొత్త సోలు, కొత్త మడమ టాకు, బో ఇస్త్రీ చేసినట్టుంది. ఎంత సంతోషపడ్డానో.

నెల తిరక్కుండా మడమలో మేకు మళ్లీ మొదలైంది. షూస్ మీద అనుమానం రానేలేదు. వయసనుకున్నాను, బరువు పెరిగాననుకున్నాను. ల్యాబ్‌లో స్టూలు తెప్పించుకుని కూర్చున్నాను. పన్నెండేళ్ల సర్వీసులో అదే మొదటిసారి.

దిల్‌సుఖ్‌నగర్‌లో మా వీధి చివర వేపచెట్టు కింద ఒక పెద్దాయన చెప్పులు కుట్టేవాడు. బో కుట్టు ఊడితే వేయించుకుందామని తీసుకెళ్లాను. ఆయన బో వంక చూడనేలేదు. షూని ముందూ వెనకా పట్టుకుని కర్ర విరిచినట్టు వంచాడు. నడుమ దగ్గర మెత్తగా మడత పడింది. రెండోదాన్నీ అలాగే వంచాడు.

"ఇందుల కమాను లేదమ్మా. ఎవరు తీసిండ్రు?"

"కమానేంటి తాతా?"

"కాలును మోసేది గదే. మంచి బూటు వేళ్ల కాడ వంగాలె, నడుమల వంగొద్దు. నీకు మడమ నొస్తలేదా?"

అక్కడే, రోడ్డు మీదే, నాకు ఏడుపొచ్చింది.

ఆరెతో కుట్లు విప్పి చూపించాడు. పట్టీ ఉండాల్సిన చోట అట్ట ముక్క అతికించి ఉంది, చుట్టూ ఎర్రటి తుప్పు మరక. నీళ్లలో నానిన ఉక్కు తుప్పు పట్టింది, రిపేరు చేసినవాళ్లు దాన్ని పీకేసి, బదులు పెట్టకుండా మూసేశారు. నాకొక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. బిల్లులో ఆ ఊసే లేదు.

తాత తన సంచీలోంచి పాత పోలీసు బూట్ల జత తీశాడు. వాటి అడుగు చీల్చి రెండు పట్టీలు లాగాడు. గరుకు కాగితంతో రుద్దాడు, మూడు కాళ్ల ఇనుప దిమ్మ మీద పెట్టి సుత్తితో చిన్న చిన్న దెబ్బలు కొట్టాడు. రెండు దెబ్బలు, షూలో పెట్టి చూడడం, మళ్లీ రెండు దెబ్బలు. షూ వంపూ పట్టీ వంపూ ఒకటయ్యేదాకా ముప్పావు గంట అదే పని. పట్టీకి చుట్టూ పల్చటి తోలు చుట్టి, సొల్యూషన్ రాసి, సోలు మూసి కుట్టాడు. మూడు వందలడిగాడు. నిలబడి చూడమన్నాడు. నిలబడ్డాను. కింద నుంచి ఎవరో అరచేయి పెట్టి ఆపినట్టు పాదం నిలిచింది. ఐదేళ్లు రోజూ ఉన్నదే అది. ఆ రోజే మొదటిసారి తెలిసింది.

రాత్రి పడుకున్నాక మ్యూజియంలో చూసిన కార్క్ షూ గుర్తొచ్చింది. 1935లో ఇటలీ ఇథియోపియా మీదికి దండెత్తితే ఆంక్షలు వచ్చాయి. పట్టీలకు కావలసిన మంచి ఉక్కు దొరకలేదు. దొరికిన నాసిరకం పట్టీలు విరిగిపోతుంటే కొన్నవాళ్లు షూస్ తిరిగి పట్టుకొచ్చేవారు. అప్పుడు సాల్వతోరె సార్డీనియా కార్క్ ముక్కలు అతికించి, మడమకూ వేళ్లకూ మధ్య ఖాళీనే నింపేశాడు. వెడ్జ్ అనే ఆ నిండు మడమ అలా పుట్టింది, 1937లో పేటెంట్ తీసుకున్నాడు. ఇవాళ మన ఆడపిల్లలు పెళ్లిళ్లకు వేసుకునే ఎత్తు చెప్పుల వంశం అదే. హాలీవుడ్ నటి జూడీ గార్లండ్ కోసం 1938లో చేసిన ఇంద్రధనుస్సు రంగుల షూను మ్యూజియంలో ఫ్యాషన్ అని చూశాను. విరిగిన పట్టీకి వెతుక్కున్న జవాబులోంచే ఆ ఎత్తంతా వచ్చిందని మడమ నొప్పితో ఆరు వారాలు తిరిగాక గానీ నా బుర్రకెక్కలేదు.

కొనమంటారా అని అడిగేవాళ్లకు గట్టిగా చెప్పలేను. నాది వెడల్పు పాదం, వంపు మామూలుగా ఉంటుంది. మా ఫిజిక్స్ మేడమ్‌ది చదును పాదం. నా షూ వేసుకుని పది నిమిషాలు నిలబడి, మధ్యలో ఏదో పొడుస్తోందని విప్పేసింది. రోజంతా కుర్చీలో పనిచేసేవాళ్లకు ఇంత డబ్బు పెట్టాల్సిన అవసరం నాకు కనిపించదు. నాకు దొరికిన వెడల్పు ప్రతి దుకాణంలో దొరక్కపోవచ్చు, పాదం కొలవకుండా తెప్పించుకోవద్దు. 2022లో కంపెనీ డిజైన్ బాధ్యతకు మాక్సిమిలియన్ డేవిస్ వచ్చి రూపురేఖలు చాలా మార్చాడు. కొత్త జతలు నేను వేసుకోలేదు, వాటి గురించి మాట్లాడను. నేను కూడా ఇప్పుడు వారానికి రెండు ల్యాబ్‌లే చేస్తున్నాను, వానాకాలంలో వీటిని బయటికి తీయను.

పోయిన నెల మా అమ్మాయికి మొదటి ఉద్యోగం. రోజంతా నిలబడే పని. అమీర్‌పేటలో పద్దెనిమిది వందల జత ఒకటి నచ్చిందంది. కౌంటర్ దగ్గరే ముందూ వెనకా పట్టుకుని వంచాను. వేళ్ల దగ్గర వంగింది, నడుమ కదల్లేదు. వెడల్పూ సరిపోయింది. ప్యాక్ చేయమన్నాం.