గోడౌన్‌లో ర్యాకులు బిగించుకుంటున్నారా? కడప బండ మీద బోల్టు వేయనివ్వకండి

కర్నూలు చుట్టుపక్కల ప్యాలెట్ ర్యాకులు (బస్తాలు పేర్చిన పలకలను వరసలుగా ఎత్తి పెట్టే ఇనుప ర్యాకులు) పెట్టించుకోవాలనుకుంటున్న ఎరువుల డీలర్లకు, విత్తనాల వాళ్లకు, కిరాణా హోల్‌సేల్ వ్యాపారులకు ఈ విషయం చేరాలని రాస్తున్నాను. మా గోడౌన్‌లో కొత్తగా బిగించిన ర్యాకులో రెండో వరసలో సరుకు మోసే అడ్డ దూలం ఒక కొన ఊడిపోయి డీఏపీ ఎరువు బస్తాలు కింద పడ్డాయి. ఆ పక్కనే నిలబడ్డ హమాలీ అప్పుడే రెండడుగులు అవతలికి వెళ్లాడు కాబట్టి ప్రాణం దక్కింది. ఇనుము వంగడం వల్ల జరిగింది కాదిది. దూలం ఊడకుండా బిగించినవాళ్లు వేయాల్సిన లాక్ పిన్ను వేయలేదు, అంతే.

2009 అక్టోబరు వరద చూసిన ఊరు మనది. సరుకు నేల మీద పెట్టాలంటే ఇప్పటికీ భయమే. ఖరీఫ్ స్టాకు దిగేలోపు ర్యాకులు కావాలని అందరికీ తొందర ఉంటుంది. బయటి ఊరి సప్లయర్లకు ఆ సంగతి బాగా తెలుసు. మాకొచ్చిన కొటేషన్‌లో ‘హెవీ డ్యూటీ, వరసకు 2 టన్నులు’ అని తప్ప ఇంకేమీ లేదు. బిగించడానికి వచ్చిన కుర్రాళ్ల దగ్గర డ్రిల్లు, సుత్తి, రెండు పానాలు ఉన్నాయి. బోల్టు ఎంత బిగిసిందో కొలిచే టార్క్ రెంచి లేదు. స్తంభం నిలువుగా ఉందో లేదో చూసే తూకం గుండు కూడా లేదు. అడిగితే ‘ఏం కాదులే అన్నా, అన్ని చోట్లా ఇట్లే బిగిస్తాం’ అన్నారు.

ఆ స్తంభాల మీద ఎంత బరువు పడుతుందో ఒకసారి లెక్క వేసుకోండి. 50 కిలోల బస్తాలు 20 పేరిస్తే ప్యాలెట్ ఒక టన్ను. వరసకు రెండు ప్యాలెట్లు, దూలాల మీద మూడు వరసలు అంటే ర్యాకులో ఒక గదికి, అంటే రెండు ఫ్రేముల మధ్య భాగానికి, 6 టన్నులు. రెండు గదుల మధ్య ఫ్రేము అటు సగం, ఇటు సగం కలిపి ఆ 6 టన్నులూ మోయాలి. ఆ ఫ్రేముకు రెండు కాళ్లు, అవే స్తంభాలు. ఒక్కో కాలి కింద ఉండే చిన్న బేస్ ప్లేటు మీదుగా 3 టన్నులు నేలలోకి దిగుతుంది.

మరి మన గోడౌన్లలో ఆ నేల ఏంటి? చాలా పాత గోడౌన్లలో ఇసుక, సున్నం పరిచి దాని మీద వేసిన కడప బండలే. బండ మందం అంగుళమో, అంగుళంన్నరో ఉంటుంది. స్తంభాన్ని నేలకు బిగించే 12 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టు మామూలుగా 70, 80 మిల్లీమీటర్ల లోతు వరకు గట్టి కాంక్రీటులో పట్టుకోవాలి. బండ దాటాక ఆ బోల్టుకు పట్టుకోవడానికి ఏమీ ఉండదు. పైగా డ్రిల్లు అదురుకే బండ పొరలు పొరలుగా చీలుతుంది. దూలం ఊడిన రోజు, రోడ్లు భవనాల శాఖలో పనిచేసి రిటైరైన మా బావ వచ్చి చూశారు. ఒక బోల్టును పానాతో కొద్దిగా వదులు చేసి, మిగతాది వేళ్లతోనే తిప్పి పైకి లాగేశారు. దాని చివరన తడి ఇసుక అంటుకుని ఉంది. ‘ఇది ర్యాకును పట్టుకోవడం కాదు, ర్యాకే దీన్ని పట్టుకుని ఉంది’ అన్నారాయన.

నల్లరేగడి నేల మీద కట్టిన గోడౌన్లయితే ఇంకా జాగ్రత్త. ఆ మట్టి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. కింద సరిగ్గా గ్రావెల్ నింపి దిమ్మిస చేయకపోతే ఫ్లోరింగ్ ఒక పక్కకు కుంగుతుంది, దాంతోపాటు స్తంభమూ వాలుతుంది. మావాళ్లు ఎత్తుపల్లాలు సరిచేయడానికి ప్లేట్ల కింద చెక్క ముక్కలు దోపారు. అక్కడ ఉండాల్సింది ఉక్కు షిమ్ ప్లేట్లు. చెక్క బరువుకు నలిగిపోతుంది, తేమకు కుళ్లిపోతుంది.

లాక్ పిన్ను సంగతి. దూలం కొక్కేలు స్తంభం గాడుల్లో కూర్చుంటాయి. పైనుంచి బరువు పడినంతసేపు కదలవు. కానీ ప్యాలెట్లు పైకెత్తే స్టాకర్ బండి ఫోర్కు కింది నుంచి తగిలితే దూలం పైకి లేచి ఊడొస్తుంది. దాన్ని ఆపేది ఆ చిన్న పిన్నే. ఫోర్క్‌లిఫ్టుతో సరుకు ఎక్కించే ర్యాకుల్లో దూలాన్ని దాదాపు 500 కిలోల శక్తితో పైకి నెట్టినా ఊడకూడదని యూరోపియన్ ప్రమాణం చెబుతుంది. మా ర్యాకుల్లో సగం దూలాలకు పిన్నులే లేవు. కొన్నిటికి కట్టుతీగ చుట్టారు.

రంగు గీకి చూస్తే ఇంకో విషయం బయటపడింది. నీలం కింద నారింజ, దాని కింద తుప్పు తిన్న గుంటలు. అంటే పాత సరుకుకే కొత్త రంగు వేశారు. కింది గాడులు సాగి అంచులు చిరిగి ఉన్నాయి. అందుకే మొదటి దూలాన్ని డ్రాయింగ్‌లో ఉన్నచోట కాకుండా పై గాడికి తగిలించారు. చూడ్డానికి చిన్న మార్పే. కానీ నేలకీ మొదటి దూలానికీ మధ్య దూరం పెరిగేకొద్దీ స్తంభం వంగకుండా మోయగల బరువు తగ్గిపోతుంది. ఇది కొనేవాడికి చెప్పకుండా చేశారు. నాకు బాగా కోపం వచ్చింది ఇక్కడే.

ఫోన్ చేస్తే ‘ఫ్లోరింగ్ మీ బాధ్యత సార్’ అని సప్లయర్ చేతులు దులుపుకున్నాడు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామంటే, 2019 చట్టం వ్యాపార అవసరానికి కొన్నవాళ్లను వినియోగదారులుగా లెక్కించదు. స్వయం ఉపాధితో బతికేవాళ్లకు మాత్రమే మినహాయింపు. కాబట్టి మనలాంటివాళ్లకు పర్చేజ్ ఆర్డర్‌లో రాసిన మాటే ఆధారం. సరుకు కొత్తదా పాతదా, స్తంభం రేకు మందం ఎంత, దూలాల జతకు ఎంత బరువు, మొదటి దూలం ఎంత ఎత్తున ఉన్నప్పుడు ఆ లెక్క, ఏ సైజు బోల్టు ఎంత లోతు, ఇవన్నీ రాయించండి. నేలను ముందే చూసి ఒప్పుకున్నట్టు సంతకం కూడా తీసుకోండి. బండలైతే స్తంభాలు వచ్చే వరసలో వాటిని తీయించి, ఇంజనీరు చెప్పిన మందానికి కాంక్రీటు వేయించి, అది నీళ్లు పట్టి క్యూరింగ్ అయి గట్టిపడ్డాకే డ్రిల్లు పెట్టనివ్వండి.

బ్యాలెన్స్ డబ్బు ఇచ్చేముందు తూకం గుండు వేలాడదీయండి. ఖాళీగా ఉన్నప్పుడు మూడున్నర మీటర్ల స్తంభం 10 మిల్లీమీటర్లకు మించి వాలకూడదు. సరుకు ఎక్కించాక 2.7 మీటర్ల దూలం మధ్యలో 13 మిల్లీమీటర్లకు మించి కుంగితే దించేయండి. ప్రతి దూలానికీ రెండు కొనలా పిన్ను ఉందో లేదో చేత్తో తడిమి చూడండి. వరసకు ఎంత బరువో రాసిన బోర్డు లేకపోతే తగిలించమనండి.

మా ర్యాకులు ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి. స్టాకు పక్క షెడ్డులో అద్దెకు పెట్టాం. సప్లయర్‌కు ఫోటోలు జతచేసి లాయర్ నోటీసు పంపించాం, జవాబు రావాలి. ఈలోగా ఆదోని, ఎమ్మిగనూరు, పత్తికొండ వైపు ఎవరైనా తక్కువ రేటు కొటేషన్ చేతిలో పెట్టుకుని ఉంటే అడ్వాన్స్ కట్టేముందు మా గోడౌన్‌కు వచ్చి ఆ బోల్టులు చూసి వెళ్లండి. తాళం తీసి చూపిస్తాను.